శ్రీకంఠయ్య మేష్టరు గొలుసు లెక్క

మునియప్ప అరుగు కింద నిలబడ్డాడు గాని పైకి ఎక్కలేదు. భుజం మీది కండువా కూడా దించలేదు. అట్లా నిలబడ్డ మనిషి మాట్లాడ్డానికి రాలేదనీ, తేల్చుకోవడానికే వచ్చాడనీ శ్రీకంఠయ్య మేష్టరుకు చూడగానే తెలిసిపోయింది.

"సోమవారం నుంచి మా పాపన్న బడికి రాడు ఐవారా," అన్నాడు మునియప్ప. "మీకు చెప్పకుండా నిలిపేది మర్యాద గాదని వచ్చినా."

పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదో సంవత్సరం, జూన్ నెల. చింతామణిలో తొలకరి రెండు వానలు పడ్డాయి. హైస్కూల్లో రెండో ఏడాదికి వచ్చిన పిల్లలు చరిత్ర చదువుతారో, గణితం చదువుతారో కోరుకుని, తండ్రి చేత కాగితం మీద వేలిముద్రో సంతకమో వేయించి తేవాలి. సోమవారం ఆఖరు రోజు. పాపన్న కాగితం ఇంకా రాలేదు.

"వాడు తరగతిలో అందరికన్నా ముందుంటాడు మునియప్పా. గణితం తీసుకుంటే..."

"తీసుకుంటే ఏమయితాది? ఇంట్లో గోడల మీదంతా మూడు మూలలు గీస్తాండాడు. ఆ మూడు మూలల్లో ఏం పండుతాది? రాగులా, ఉలవలా?"

లోపల చింతపండు పిసుకుతున్న మేష్టరు భార్య వరమహాలక్ష్మి చెయ్యి ఆపింది. పక్కింటి గోడ మీద కూడా ఒక తల లేచింది. ఆ వీధిలో ఎవరింట్లో ఏ కూరో కూడా నాలుగిళ్లకు తెలుస్తుంది. ఇంత గట్టిగా అడిగిన ప్రశ్న తెలియకుండా ఉంటుందా!

ఈ ప్రశ్న మేష్టరుకు కొత్త కాదు. ఆయన పుట్టింది జంగమకోట దగ్గర అర్చకుల ఇంట్లో. తండ్రి పంచాంగం గుణించేవాడు. గ్రహణం ఎన్ని గడియలకు పడుతుందో నేల మీద సుద్దముక్కతో లెక్క వేసి చెప్తే, సరిగ్గా ఆ గడియకే చంద్రుడికి మచ్చ పట్టేది. అది చూసిన పిల్లవాడికి లెక్కల మీద మనసు పడింది. బెంగళూరుకు పోయి అవే చదివాడు. చదివి బయటికి వచ్చాక, వీటితో ఏం చేయవచ్చని అడిగితే చెప్పే దిక్కు లేదు. మేష్టరు కావచ్చన్నారు, అయ్యాడు. చిక్కబళ్లాపురంలో ఆరేళ్లు, బాగేపల్లిలో రెండేళ్లు చేశాడు. బాగేపల్లిలో ఉన్నప్పుడు పరగోడు నుంచి నడిచి వచ్చే లక్ష్మణప్ప అనే పిల్లవాడు వర్గమూలాలు నోటితోనే చెప్పేవాడు. పరీక్ష పాసయిన రోజు వచ్చి, "ఇంగ ఈ లెక్కలతో ఏం చేసుకునేది సార్?" అని అడిగాడు. మేష్టరు వీపు తట్టి పంపించాడు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ పిల్లవాడు సంతలో బెల్లం మూటలు మోస్తూ కనబడి, సిగ్గుపడి తల తిప్పుకున్నాడు. నిజానికి సిగ్గుపడింది మేష్టరు. రెండు రోజులు అన్నం సహించలేదాయనకు.

అప్పటి నుంచి ఆయన పాఠం చెప్పే తీరు మారిపోయింది. త్రిభుజం చెప్తే నేల కొలిచే మోజిణిదారు ఎట్లా బతుకుతాడో చెప్పేవాడు. నిష్పత్తి చెప్తే శిడ్లఘట్టలో పట్టుదారం సన్నమో లావో తూచి చూసే పనివాడి సంగతి చెప్పేవాడు. వృత్తం వస్తే పిల్లలను స్టేషనుకు పిలుచుకుపోయి చిన్న రైలు పట్టాల వంపు చూపించేవాడు. "ఈయప్ప పాఠాలు చెప్తాండాడా, పెండ్లి సంబంధాలు చెప్తాండాడా?" అని ఊళ్లో నవ్వుకున్నారు. ఆయన పట్టించుకోలేదు.

"మోజిణి శాఖలో పరీక్ష పెట్టి పిల్లలను తీసుకుంటారు మునియప్పా. లెక్కలు వచ్చినవాడికి అది చేతికందే పని. నీ కొడుకు..."

"నేల కొలిచే పనా?" మునియప్ప మొదటిసారి తలెత్తి చూశాడు. "సరే. మా నాయన నేల ఒకటుండాది. నాకూ మా తమ్ముడు ఆంజనేయప్పకూ ఉమ్మడి. రాగి విత్తేలోపల పంచుకోవల్ల. సర్కారు మోజిణిదారుకు అర్జీ ఇస్తే వచ్చే సంవత్సరానికి వస్తాడు. మీరే రాండి, మీ పిల్లలతో కొలిచి భాగం చేయండి. మేమిద్దరం కొట్లాడకుండా పంపకం జరిగితే పాపన్న చదువుతాడు, మాటంటే మాట. జరగలేదంటే సోమవారం వాని చెయ్యి దున్నే మడక మీద ఉంటాది."

"సరే," అన్నాడు మేష్టరు.

లోపలి నుంచి చింతపండు గిన్నె ఠక్కున పెట్టిన చప్పుడు వినిపించింది. మునియప్ప పోగానే వరమహాలక్ష్మి బయటికి వచ్చింది.

"అన్నదమ్ముల నేల మధ్యకు పోతారా మీరు? అదేమన్నా నల్లబల్లా, తప్పయితే తుడిచి మళ్లీ రాయడానికి?"

"పిల్లవాడి చదువు కదే."

"ఆ చదువు మీ చేతిలో ఉంటే సరే. ఇప్పుడు దాన్ని తీసుకుపోయి ఆంజనేయప్ప కోపం చేతిలో పెట్టారు."

ఆయన నేల కొలిచే గొలుసు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

ఆ గొలుసు సంగతి చెప్పాలి. పక్క వీధిలో ఉండే సుజాతమ్మ భర్త మోజిణిదారుగా పనిచేసి కాలం చేశాడు. ఆయన తర్వాత ఆ ఇనప గొలుసు దేవుడి గదిలో చేరింది. ప్రతి ఆయుధపూజకూ సుజాతమ్మ దాన్ని చింతపండుతో తోమి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టేది. పిల్లలకు చూపించడానికని మేష్టరు అడిగితే, "ఆయన చేతి గొలుసు, జాగ్రత్త నాయనా," అని కళ్లకద్దుకుని ఇచ్చింది. ముప్పైమూడు అడుగుల గొలుసు. పొడవూ వెడల్పూ ఒక్కొక్క గొలుసయితే ఆ నేల ఒక గుంట. అట్లాంటి గుంటలు నలభై అయితే ఎకరం. ఏడాదిగా మేష్టరు దాంతో బడి మైదానమంతా కొలిపించాడు. మైదానం ఇంత అని రాసిన రికార్డు ఎవరి దగ్గరా లేదు కాబట్టి వచ్చిన లెక్కే సరి అయింది.

తాలూకా కచేరి అరుగు మీద గొలుసులు సరిచూసుకోవడానికి రెండు మేకులు కొట్టి ఉన్నాయని ఆయనకు తెలుసు. కాని పూజలో కూర్చున్న వస్తువు మీద అనుమానం రావడం అర్చకుడి కొడుక్కు చేతకాలేదు. పైగా శుక్రవారం సాయంత్రం తాను కూడా ఒకసారి దానికి కుంకుమ పెట్టాడు.

శనివారం పొద్దున్నే మూడు మైళ్లు నడిచి దిన్నెమీదపల్లి చేరారు. మేష్టరూ, ఆరుగురు పిల్లలూ. వాళ్లలో భీమసేన అనే వకీలు కొడుకు ఒకడు, నోరు ఆగనివాడు. పాపన్న మాత్రం దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. గొలుసు వాడి భుజం మీదే ఉంది.

రికార్డు ప్రకారం ఆ చేను నాలుగెకరాల పది గుంటలు. తూర్పు హద్దు రాయికి అవతల ఉన్నది మునియప్ప సొంత నేల. రెండేళ్లుగా ఉమ్మడి చేనును దున్నుతున్నది కూడా ఆయనే. ఆంజనేయప్ప గట్టు మీద గొంతు కూర్చుని, గొలుసు పడ్డ ప్రతిచోటా వేలు మడుస్తున్నాడు. ఊరి పెద్ద అంజినప్ప గొడుగు వేసుకుని వచ్చాడు. పని లేనివాళ్లు ఇరవై మంది వచ్చారు, పని ఉన్నవాళ్లు మరో పదిమంది.

పిల్లలు మూలకు మూలకు కర్రలు నాటి, నడుమ గీత వేసి, చేనును త్రిభుజాలుగా విడగొట్టారు. "గోడల మీద గీసేది ఇదేనా?" అని ఎవరో అంటే మునియప్ప మొహం కొంచెం విచ్చుకుంది. పన్నెండు గంటలకు కొలత ముగిసింది. పాపన్న అంకెలు కూడాడు. మళ్లీ కూడాడు. కాగితం మేష్టరు చేతికిచ్చి పక్కకు జరిగాడు.

నాలుగెకరాల ఆరు గుంటల పదాణాలు.

మేష్టరు మొదటి నుంచి తానే వేశాడు. అదే వచ్చింది. గుంటకు పదహారాణాల లెక్కన, మూడు గుంటల ఆరాణాలు తక్కువ.

"ఎంత వచ్చింది ఐవారా?" ఊరి పెద్ద అడిగాడు.

చెప్పక తప్పదు. చెప్పాడు.

గట్టు మీది నుంచి ఆంజనేయప్ప నెమ్మదిగా లేచాడు.

"మూడు గుంటలు యాడికి పొయ్యింది అన్నా?"

"నాకేం తెలుసు?"

"దున్నింది నువ్వు. నీ నేల పక్కనే ఉండాది. రాయికి కాళ్లు వచ్చి ఇట్లా నడిచిందా?"

"నోరు జాగ్రత్త ఆంజనేయా! ఒక్క తల్లి కడుపున పుట్టినాము."

"అందుకే అడుగుతాండా. పరాయోడయితే అడిగే పనే లేదు." ఆంజనేయప్ప గడ్డపార అందుకుని తూర్పు రాయి వైపు నడిచాడు. "దీని కింద మోజిణోళ్లు గుర్తుకు పెట్టిన బొగ్గు ఉండల్ల. పెరికి చూస్తా. బొగ్గు లేదంటే నువ్వు దొంగవు, ఊరందరి ముందర."

మునియప్ప చేతికి పార దొరికింది. ఆడవాళ్లు కేకలు వేశారు. పాపన్న తండ్రి నడుము పట్టుకుని వేలాడుతున్నాడు. మేష్టరుకు ఏం తోచిందో, పంచె ఎగగట్టి పరుగెత్తి పోయి ఆ హద్దు రాయి మీద కూర్చున్నాడు.

"రాయి పెరికితే సర్కారు తప్పు ఆంజనేయప్పా! జైలుకు పోతావు. ముందు నన్ను పెరుకు, తర్వాత రాయి."

"లెయ్యి సామీ! బాపనోళ్లు పొలంలోకి వస్తే ఇంతే. లెక్క చెప్పి కొంపలు ముట్టించి, రాయి మీద కూర్చుంటారు."

గడ్డపార మేష్టరు మోకాలికి జానెడు దూరంలో నేలలో దిగి ఉంది. ఆయన రెండు చేతులతో రాయిని గట్టిగా పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే మునియప్ప భార్య చిక్కమ్మ తల మీద సంగటి గంపతో వచ్చింది. బట్లహళ్లి ఆడపడుచు, గట్టి మనిషి. గంప దించి, పారకూ గడ్డపారకూ మధ్య నిలబడి, ఏం జరిగిందని అడిగింది. మూడు గుంటల సంగతి విని మొగుణ్ని ఒకసారి పైనుంచి కిందికి చూసింది.

"నువ్వు జరిపినావా?"

"నీ తోడు, లేదు."

"సరే." ఆమె వంగి, నేల మీద పడున్న గొలుసు కొస పట్టుకుని ఒక కడియం వేలితో తిప్పి చూసింది. "ఐవారా, నాకు తెలీక అడుగుతాండా. మా బావి కపిల మోకు కొత్తగా తెచ్చినప్పుడు ఒక పొడుగు. రెండేండ్లు ఎద్దులు లాగినాక ఇంగొక పొడుగు. ఏటేటా జానెడు తెగ్గోస్తాము. ఈ గొలుసు సాగేది లేదా?"

భీమసేన కిసుక్కున నవ్వాడు. "ఇనుము సాగుతుందా అత్తా?"

"సాగదా? నా కాలి ఎండి కడెం చూడు. పెండ్లి నాడు వెన్న రాస్తే గాని ఎక్కలేదు. ఇప్పుడు నడిస్తే ఊడొస్తాది. ఎండి సాగితే ఇనుముకేం రోగం?"

ఒకరిద్దరు నవ్వారు. మేష్టరు నవ్వలేదు. గొలుసులో కడియానికీ కడియానికీ మధ్య ఉన్న చిన్న ఉంగరాలు ఇప్పుడు ఆయన కళ్లకు కనబడ్డాయి. కొన్ని నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. కచేరిలో ఉండవలసిన గొలుసు సుజాతమ్మ ఇంటికి ఎందుకు వచ్చింది? పనికిరాదని పక్కన పడేస్తేనే కదా ఆయన ఇంటికి తెచ్చుకుని ఉంటాడు! ఏడాది పాటు ఆ మాట తాను ఎందుకు అడగలేదు?

మాట్లాడకుండా ఉండడానికి కూడా దారి ఉంది. రికార్డే తప్పు, పాతకాలం కొలత అంటే ఊరు నమ్ముతుంది. మేష్టరు పరువు నిలుస్తుంది. ఎదురుగా ఆరుగురు పిల్లలు తన మొహమే చూస్తున్నారు. వాళ్లలో పాపన్న తండ్రి చెయ్యి ఇంకా వదల్లేదు.

"ఆ గజం బద్ద తే భీమసేనా," అన్నాడు రాయి మీది నుంచి లేవకుండానే.

గొలుసును బిగలాగి పట్టారు. పక్కనే మూడడుగుల బద్దను పెట్టుకుంటూ పోయారు. ఊరి పెద్ద గొడుగు మడిచి, వంగి నడుస్తూ పైకి లెక్క పెట్టాడు. పదకొండు బద్దలకు ముప్పైమూడడుగులు. పదకొండోది ముగిసిన తర్వాత కూడా గొలుసు ఇంకా ఉంది. నాలుగంగుళాలు.

"తప్పు నాది," అన్నాడు మేష్టరు. "గొలుసు సాగింది. కొలిచే ముందు సరిచూడాల్సింది నేను. చూడలేదు. మునియప్ప రాయి జరపలేదు."

"అదెట్ల?" ఆంజనేయప్ప గడ్డపార మీద చెయ్యి తీయలేదు. "గొలుసు ఎక్కువుంటే నేల కూడా ఎక్కువ రావల్ల గదా!"

"పెద్ద పడితో రాగులు కొలిస్తే పడ్లు తక్కువ వస్తాయి చిన్నాయనా," అన్నాడు పాపన్న. ఆ రోజు వాడు పైకి మాట్లాడిన మొదటి మాట అదే. "నేల అంతే ఉండాది. గొలుసు పెద్దది, అందుకు లెక్క తగ్గింది."

"ఎంత తగ్గల్ల? చెప్పు, చదువుకుంటివి గదా."

పాపన్న నేల మీద కూర్చుని పుల్లతో రాశాడు. ఉండాల్సింది మూడువందల తొంభై ఆరంగుళాలు. ఉన్నది నాలుగువందలు. అంటే నూటికి ఒకటి తేడా. నూట డెబ్బై గుంటల మీద నూటికి ఒకటంటే ఒక గుంటా పదకొండాణాలు.

చెయ్యి ఆగిపోయింది. మునియప్ప కొడుకు మొహంలో రంగు మారడం చూశాడు.

"ఎంత?" అన్నాడు ఆంజనేయప్ప.

"గుంటా... పదకొండాణాలు."

"పోయింది మూడు గుంటల ఆరాణాలు!" ఆంజనేయప్ప అరిచాడు. "గొలుసు తినింది సగమే. తక్కిన సగం ఎవురు తినిరి? చెప్పురా, మీ నాయనా?"

మేష్టరు నోటి దాకా వచ్చిన జవాబును పళ్లతో కరిచి పట్టాడు. ఇప్పుడు తాను చెప్తే అది తప్పు చేసిన మనిషి చెప్పిన మాట అవుతుంది. ఊరు వింటుందా? పాపన్న చెప్పాలి. ఇంకెవరూ చెప్పకూడదు. పక్కన భీమసేన నోరు తెరవబోతే మోచేత్తో పొడిచాడు.

పాపన్న రాసిన అంకెల వైపే చూస్తున్నాడు. ఎండ మాడుస్తోంది. చిక్కమ్మ సంగటి గంప మీది బట్ట తీసి చెమట తుడుచుకుంది. పాపన్న కళ్లు ఆ బట్ట మీద పడ్డాయి. లేచి పోయి తల్లి చేతిలోంచి దాన్ని లాక్కున్నాడు.

"చిన్నాయనా, ఇట్ల చూడు. ఈ గుడ్డే మన చేను అనుకో." నేల మీద పరిచి ఒక అంచు మడిచాడు. "పొడుగులో నూటికి ఒకటి పోయింది. అది గుంటా పదకొండాణాలు." పక్క అంచు కూడా మడిచాడు. "పొడుగు కొలిచింది ఆ గొలుసుతోనే, అడ్డం కొలిచింది కూడా ఆ గొలుసుతోనే. అడ్డంలో ఇంగొక గుంటా పదకొండాణాలు పోయింది. రెండూ కలిపితే మూడు గుంటల ఆరాణాలు. మా నాయన తినలేదు."

ఊరి పెద్ద వేళ్ల మీద కూడి చూసుకున్నాడు. "సరిపోతాది," అన్నాడు మెల్లగా. "ఆణాతో సహా సరిపోతాది ఆంజనేయా."

మేష్టరు అప్పుడు రాయి మీది నుంచి లేచాడు.

ఆంజనేయప్ప అంత సులువుగా వదిలే రకం కాదు. "నోటి లెక్క నాకొద్దు. గొలుసు తప్పయితే బద్ద తప్పు కాకూడదా? ఒప్పు గొలుసుతో కొలిచి చూపించల్ల," అన్నాడు. అది న్యాయమే. ఆ సాయంత్రమే మేష్టరు గొలుసును కచేరి అరుగు మీది మేకుల దగ్గర పెట్టి చూసి, కమ్మరి చేత ఆ ఉంగరాలు నొక్కించి, మళ్లీ మేకులకు సరిగ్గా ఆనిన తర్వాతే ఇంటికి వచ్చాడు. వరమహాలక్ష్మి ఆయన మోకాళ్ల మీది మట్టి చూసింది, మొహం చూసింది. ఏమీ అడగకుండా నీళ్లు తోడింది. అడగాల్సినదంతా అంతకు ముందే దిన్నెమీదపల్లి నుంచి పాలు తెచ్చే మనిషిని అడిగేసింది.

ఆదివారం మళ్లీ కొలిచారు. నాలుగెకరాల తొమ్మిది గుంటల పద్నాలుగాణాలు.

"రెండాణాలు?" అన్నాడు మునియప్ప, తమ్ముడి వైపు అనుమానంగా చూస్తూ.

ఆంజనేయప్ప చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "రెండాణాల నేల ఎలకలు తినిపొయ్యిండల్ల. పోనీ," అన్నాడు. ఊరంతా ఒక్కసారిగా నవ్వింది. సాయంత్రానికి నడుమ గట్టు వేశారు. అన్నదమ్ములు ఒకరి పక్కన ఒకరు కూర్చుని సంగటి తిన్నారు గాని మాట్లాడుకోలేదు. దొంగ అన్న మాట ఒక్కరోజులో అరిగేది కాదు.

మునియప్ప మేష్టరుతోనూ మాట్లాడలేదు. ఆయన పెట్టిన షరతు మేష్టరుకు పదం పదం గుర్తుంది. కొట్లాడకుండా పంపకం జరిగితే, అన్నాడు. కొట్లాట జరిగింది, పార లేచింది. ఇప్పుడు ఏ మొహంతో పోయి అడగడం?

సోమవారం రెండో గంట కొట్టారు. పాపన్న కూర్చునే చోటు ఖాళీగా ఉంది. మేష్టరు హాజరు పిలిచాడు. పాపన్న పేరు దగ్గరికి వచ్చి ఆగి, దాన్ని వదిలేసి కింది పేరు పిలిచాడు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మధ్యాహ్నం లోపల కాగితాలు ఆఫీసుకు పంపాలి. అయిదు కాగితాలున్నాయి. ఆయన వాటిని సర్దాడు, మళ్లీ సర్దాడు. కిటికీ లోంచి దిన్నెమీదపల్లి బాట కనబడుతుంది. తడి నేల మీద మడకలు తిరుగుతున్నాయి. ఇంత దూరం నుంచి ఎవరి చెయ్యి ఏ మడక మీద ఉందో తెలియదు.

పదకొండు దాటాక వాకిట్లో చెప్పుల చప్పుడయింది. మునియప్ప! మోకాళ్ల దాకా బురద. వెనక పాపన్న, వాడికీ అంతే బురద. ఇద్దరూ తెల్లవారుజాము నుంచి దున్ని వచ్చినట్లున్నారు.

మునియప్ప ఈసారి చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, మేష్టరు బల్ల ముందు నిలబడ్డాడు.

"నేను చెప్పిన మాట వేరే," అన్నాడు. "కొట్లాట లేకుండా అంటిని. కొట్లాట అయ్యింది."

"అయ్యింది మునియప్పా."

"మీ గొలుసు దొంగది ఐవారా."

మేష్టరు తల వంచుకున్నాడు.

"మావాని లెక్క దొంగది గాదు. నన్ను ఊరి ముందర నిలబెట్టి దొంగ అనిరి. నా పెద్దమనిషితనం కాపాడలేదు, మా కులపోళ్లు కాపాడలేదు. వాడు గుడ్డ మడిచి చూపించి కాపాడినాడు." కొడుకు వైపు చూశాడు. "తెల్లారి రెండు సాళ్లు దున్ని వస్తాడు. ఆలస్యమయితాది. కొట్టొద్దు."

"కొట్టను."

"విత్తేది అయ్యేదాకనే."

"సరే."

నడుముకు చెక్కుకున్న మడత కాగితం తీసి బల్ల మీద పరిచాడు. మూలల్లో తడిసింది. పాపన్న అందులో గణితం అని ఎప్పుడో రాసి పెట్టుకున్నాడు. సిరా కొంచెం చెదిరినా చదవడానికి వస్తుంది. మునియప్ప ఎడమ చేతి బొటనవేలును పంచెకు తుడుచుకున్నాడు, బురద పోలేదు. మళ్లీ తుడుచుకున్నాడు.

"యాడ వెయ్యల్ల?" అని అడిగాడు.

మేష్టరు సిరాబుడ్డి మూత తీసి, చోటు చూపించాడు.